‘మాట్లాడుతున్నాడు కదా!’: తలదెబ్బను గుర్తించిన తీరు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

తలకు దెబ్బ తగిలిన మనిషి పరిస్థితిని అంచనా వేయడానికి వైద్యం, క్రీడ, న్యాయం ఏ ఆధారాలను నమ్మాయో, వేటిని పక్కన పెట్టాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గాయపడిన అవయవమే సాక్ష్యం చెప్పవలసిన అవయవం కావడం తలదెబ్బకున్న ప్రత్యేకమైన చిక్కు. ‘నాకేమీ కాలేదు’ అన్నప్పుడు క్షతగాత్రుణ్ణి వెంటనే నమ్మిన సమాజం, ‘నాకేదో అవుతోంది’ అన్నప్పుడు అనుమానించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈజిప్టు పత్రం మొదలుకొని 2023 నాటి భారతీయ న్యాయ సంహిత వరకు కొన్ని ఘట్టాలను ఇందుకు ఆధారంగా తీసుకున్నాను.

కీలక పదాలు: తలదెబ్బ, మెదడు అదురు, మధ్యస్పృహ, గ్లాస్గో కోమా స్కేలు, హెల్మెట్, తీవ్ర గాయం.

1. ఉపోద్ఘాతం

1998 ఫిబ్రవరి 20న ఢాకాలో ఒక క్లబ్ క్రికెట్ పోటీ జరుగుతోంది. భారత టెస్టు జట్టుకు ఆడిన రమణ్ లాంబా బ్యాటరుకు అతి సమీపంలో, ఫార్వర్డ్ షార్ట్ లెగ్ స్థానంలో నిలబడ్డారు. ఓవర్లో మిగిలినవి కొద్ది బంతులే కదా అని హెల్మెట్ తెప్పించుకోలేదు. బ్యాటరు బలంగా కొట్టిన బంతి ఆయన తలకు తగిలి వికెట్ కీపరు వైపు ఎగిరింది. లాంబా లేచారు. తన కాళ్ళమీద తాను నడిచి డ్రెస్సింగ్ రూముకు వెళ్ళారు. గాయం అంత తీవ్రమైనదని చూసినవారికి తోచలేదు. కొద్దిసేపటికే ఆయన స్పృహ కోల్పోయారు. పుర్రెలోపల రక్తస్రావమైంది. శస్త్రచికిత్స చేసినా ప్రయోజనం లేకపోయింది. ఫిబ్రవరి 23న, 38వ ఏట కన్నుమూశారు.

క్రికెట్ చరిత్రకారులు ఈ ఉదంతాన్ని సాధారణంగా హెల్మెట్ ప్రస్తావనతో ముగిస్తారు. నా దృష్టి మాత్రం ఆ నడకమీద ఉంది. తలకు దెబ్బ తగిలి పడిన మనిషి లేచి నడిస్తే, నాలుగు మాటలు మాట్లాడితే చుట్టూ చేరినవారి గుండె కుదుటపడుతుంది. మన రోడ్లమీద ప్రమాదం జరిగినచోట మొదట వినిపించే ఊరట మాట ‘మాట్లాడుతున్నాడు కదా, ఫర్వాలేదు’ అన్నదే. ఆ మాట ఎంతవరకు నమ్మదగినది? మాట, నడక, స్పృహ – వీటిని సాక్ష్యాలుగా తీసుకోవడం ఎప్పుడు మొదలైంది, వాటిని అనుమానించడం ఎప్పుడు మొదలైంది? తలదెబ్బ చరిత్రను శస్త్రచికిత్సా పరికరాల చరిత్రగా రాసినవారు చాలామంది ఉన్నారు. సాక్ష్యాల చరిత్రగా చదివితే అది కొంత వేరుగా కనిపిస్తుంది.

పరిభాష గురించి ఒక మాట. పుర్రె పగలకుండా, పైకి రక్తం కనిపించకుండా, మెదడు పనితీరు మాత్రం తాత్కాలికంగా చెదిరే స్థితిని వైద్యులు కంకషన్ అంటారు. దాని లాటిన్ పేరు ‘కమోషియో’కు కదలిక, కుదుపు అని అర్థం. తెలుగులో ‘మెదడు అదురు’ అన్న మాట దీనికి దగ్గరగా ఉన్నందున దాన్నే వాడుతున్నాను. నిజానికి ఈ అనుభవానికి తెలుగులో మాటల కొరత లేదు. దిమ్మ తిరగడం, దిమ్మెరపోవడం, కళ్ళు బైర్లు కమ్మడం, పట్టపగలే చుక్కలు కనిపించడం – ఇవన్నీ మెదడు అదిరినప్పటి లక్షణాలకు చక్కని వర్ణనలు. అయితే వీటిని మనం ఎక్కువగా హాస్యానికీ బెదిరింపుకీ వాడుతున్నాం. జబ్బు లక్షణంగా వాడడం అరుదు.

2. చేతికి తగిలేదీ, కంటికి కనిపించేదీ

తలదెబ్బలను గురించి మనకు దొరికిన అతి పురాతన వైద్యరచన ఎడ్విన్ స్మిత్ పత్రం. క్రీ.పూ. 1600 ప్రాంతానికి చెందిన ఈ ఈజిప్టు పపైరస్‌ను 1862లో లక్సర్‌లో ఎడ్విన్ స్మిత్ కొన్నాడు. 1930లో జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ అనువాదంతో అది లోకానికి తెలిసింది. అందులోని 48 కేసులలో మొదటి 27 తలకు సంబంధించినవే. వైద్యుడు గాయంలోకి వేళ్ళు పెట్టి ఎముకను తడుముతాడు. ముక్కునుంచి, చెవులనుంచి రక్తం వస్తోందా, మెడ బిగుసుకుందా, రోగి మాట్లాడగలుగుతున్నాడా అని చూస్తాడు. చివర మూడు తీర్పులలో ఒకటి చెబుతాడు: నయం చేయగలను, ప్రయత్నిస్తాను, చేయగలిగింది లేదు. మాట పోవడాన్ని ప్రమాద సూచికగా గుర్తించడం ఇక్కడే కనిపిస్తుంది. కానీ మాట ఉండడాన్ని ఎంతవరకు నమ్మవచ్చునన్న ప్రశ్న ఇంకా పుట్టలేదు.

గ్రీకుల హిప్పోక్రటిక్ సంప్రదాయంలోని తలగాయాల గ్రంథం ప్రధానంగా ఎముక గ్రంథం. పుర్రెకు ఎన్ని రకాలుగా దెబ్బ తగలవచ్చు, కంటికి ఆనని బీటను నల్లని రంగు పూసి ఎలా కనిపెట్టాలి, రంధ్రం ఎప్పుడు వేయాలి అన్నవే అందులోని ముఖ్య విషయాలు. మెదడు కుదుపుకు లోనైతే మాట పోతుందన్న సూత్రం అదే సంప్రదాయంలోని మరోచోట ఉంది. ఎముక జ్ఞానమూ మాట జ్ఞానమూ వేరువేరు గ్రంథాలలో ఉండిపోయాయి.

సుశ్రుత సంహిత దారి కొంత భిన్నమైనది. శరీరంలోని 107 మర్మాలలో 37 మెడకు పైభాగంలో ఉన్నాయని అది చెబుతుంది. మర్మాలను అవి ఉన్న చోటునుబట్టి వర్గీకరించడంతో ఆగకుండా, దెబ్బ తగిలాక ఎంతకాలానికి ప్రాణం పోతుందన్నదాన్నిబట్టి కూడా వర్గీకరించింది. సద్యఃప్రాణహరాలు 19. కణతల దగ్గరి శంఖమర్మాలు రెండూ, నడినెత్తిన ఉన్న అధిపతి మర్మమూ ఈ జాబితాలోనివే. ‘సద్యః’ అంటే ఆ క్షణమే అని కాదు, ఏడు రాత్రులలోగా అని వివరణ. కణత ఎముక లోపలివైపున పోయే ధమనిని సుశ్రుతుడు ఎరుగునని ఈ ఆధారంతో వాదించడం అతి అవుతుంది. అటువంటి వాదాలు మన విశ్వవిద్యాలయ సదస్సులలో తరచు వినబడుతున్నాయి కనుకనే ఈ హెచ్చరిక. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే: దెబ్బకూ మరణానికీ మధ్య ఒక గడువు ఉంటుందన్న స్పృహ ఆ వర్గీకరణలో ఉంది.

మన ఇళ్ళలో ఈ రెండు ధోరణులూ పక్కపక్కనే బతికాయి. పిల్లవాడు తల బాదుకుని వస్తే పసుపో కాఫీపొడో అద్దడం, ‘బొప్పి కట్టింది, మంచిదే, దెబ్బ లోపలికి పోలేదు’ అని సమాధానపడడం పైచర్మాన్ని నమ్మే ధోరణి. బొప్పికీ లోపలి గాయానికీ అటువంటి సంబంధమేదీ లేదు. అదే ఇంట్లో ముసలమ్మ ‘వాంతి అయిందా? చెవిలోంచి ఏమైనా కారిందా? నిద్రపోనివ్వకండి’ అని అడిగేది. మొదటి రెండు ప్రశ్నలూ ఈనాటి వైద్యుడు అడిగేవే. మూడో మాటను వైద్యులు ఇప్పుడు సవరించారు. ఒకసారి పరీక్ష జరిగాక నిద్ర హాని చేయదు, అయితే లేపితే లేచే నిద్రో కాదో చూస్తూ ఉండాలి. ఆ ముసలమ్మ ఆదేశంలో ఉన్న అసలు సంగతి నిద్ర కాదు, రాత్రంతా ఒకరు పక్కన కూర్చోవాలన్నది.

3. పగలని పుర్రె

పుర్రె పగలకుండానే మెదడు చెడవచ్చునన్న ఊహ కుదురుకోవడానికి చాలాకాలం పట్టింది. 10వ శతాబ్ది ఆరంభకాలపు పారశీక వైద్యుడు అల్ రాజీ రచనల్లో మెదడు అదురు ఎముక గాయంనుంచి విడివడి ఒక ప్రత్యేక స్థితిగా కనిపిస్తుందని వైద్యచరిత్రకారులు గుర్తించారు. 13వ శతాబ్ది చివర మిలాన్‌నుంచి ప్యారిస్ చేరిన శస్త్రవైద్యుడు లాన్‌ఫ్రాంక్, కుదుపువల్ల కలిగే లక్షణాలు తమంతట తామే తగ్గిపోవచ్చునని రాశాడు. 1705లో ప్యారిస్‌లో అలెక్సీ లిట్రే నివేదించిన కేసు ఈ చర్చకు పదును పెట్టింది. ఒక యువ ఖైదీ జైలు గోడకు తల బాదుకుని చనిపోయాడు. తల కోసి చూస్తే ప్రాణం తీయగల గాయమేదీ కనబడలేదు. శవపరీక్ష కూడా సాక్ష్యం చెప్పలేని మరణం అది.

ఆ తరువాతి తరంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు జాన్ లూయీ పెటి ఒక ముఖ్యమైన తేడాను గుర్తించాడు. దెబ్బ తగిలిన క్షణానే స్పృహ పోతే అది అదురువల్ల. కొంతసేపు బాగుండి, ఆ తరువాత స్పృహ పోతే అది లోపల చేరుతున్న రక్తం మెదడును నొక్కడంవల్ల. ఈ ‘కొంతసేపు బాగుండడాన్నే’ వైద్యులు ల్యూసిడ్ ఇంటర్వెల్ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘మధ్యస్పృహ’ అంటున్నాను.

దాని ప్రక్రియను కొంత వివరంగా చెప్పుకోవాలి. కణత దగ్గర పుర్రె ఎముక పలుచన. ఆ ఎముక లోపలి ముఖాన్ని అంటిపెట్టుకుని ఒక ధమని పైకి పోతుంది. ఎముక బీటవారితే అది చిరుగుతుంది. రక్తం ఎముకకూ మెదడును కప్పే దళసరి పొరకూ మధ్య చేరుతుంది. మొదటి కుదుపుకు స్పృహ తప్పిన మనిషి ఈలోగా తేరుకుంటాడు, లేస్తాడు, నీళ్ళు తాగుతాడు, ఇంటికి ఫోను చేస్తాడు. పుర్రె మూసిన పెట్టె. లోపల చేరే రక్తానికి చోటివ్వడానికి అది సాగదు. ఒక హద్దు దాటాక తలనొప్పి పెరుగుతుంది, వాంతులు మొదలవుతాయి, మత్తు కమ్ముతుంది. సాధారణంగా దెబ్బ తగిలిన వైపు కంటిపాప పెద్దదై వెలుగుకు స్పందించడం మానేస్తుంది. రెండోవైపు కాలుచేతులు పట్టు తప్పుతాయి. కంటిపాప చెప్పే ఈ సంకేతానికి 19వ శతాబ్దిలో జొనాథన్ హచిన్సన్ పేరు స్థిరపడింది. ఈ దశలో పుర్రె తెరిచి రక్తాన్ని తీసేస్తే మనిషి పూర్తిగా కోలుకోవచ్చు. లోపలి మెదడుకు మొదట తగిలిన దెబ్బ చాలాసార్లు స్వల్పమే. అందుకే ఈ మరణాలు వైద్యులను అంతగా బాధపెడతాయి.

మధ్యస్పృహను గుర్తించడంతో మాట, నడక అనే సాక్ష్యాలకు మొదటిసారి గడువు ఏర్పడింది. ఈ క్షణాన అవి నిజమే చెబుతున్నాయి. రెండు గంటల తరువాతి స్థితిని గురించి ఏమీ చెప్పడం లేదు.

4. నమ్మని ఫిర్యాదు

ఇక్కడ కథ రెండో పాయ తీసుకుంటుంది. ‘బాగానే ఉన్నాను’ అన్నవాణ్ణి నమ్మిన లోకం ‘బాగాలేదు’ అన్నవాణ్ణి ఎలా చూసింది?

19వ శతాబ్ది మధ్యలో ఇంగ్లండులో రైలు ప్రమాదాలనుంచి గాయాలు లేకుండా బయటపడినవారు కొందరు వారాల తరువాత తలనొప్పి, మతిమరుపు, నిద్రలేమి, చిరాకు అంటూ నష్టపరిహారానికి కోర్టుకెక్కారు. 1866లో జాన్ ఎరిక్ ఎరిక్సన్ ఈ కేసులమీద ఉపన్యాసాలను పుస్తకంగా ప్రచురించి, నాడీమండలానికి తగిలిన కుదుపే దీనికి మూలమన్నాడు. 1883లో హెర్బర్ట్ పేజ్ దానిని ఖండిస్తూ, భయమూ మానసిక ఆఘాతమూ చాలావరకు కారణాలన్నాడు. పేజ్ ఒక రైల్వే కంపెనీకి శస్త్రవైద్యుడు. ఆ కారణంగా ఆయన వాదాన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు. ఆ కేసుల్లో అన్నీ మెదడు గాయాలు కావు. అయితే వివాదం ఏ భూమిక మీద జరిగిందో చూడాలి: ఎముక విరిగినవాడు ఏదీ నిరూపించుకోనక్కరలేదు, విరగనివాడు ముందు తన నిజాయితీని నిరూపించుకోవాలి.

మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే వివాదం ఫిరంగి గుండ్ల మధ్య మళ్ళీ నడిచింది. 1915లో చార్లెస్ మయర్స్ ‘షెల్ షాక్’ అన్న మాటను వైద్యపత్రికలోకి తెచ్చారు. పేలుడు తాకిడికి మెదడు దెబ్బతిన్నదా, మనసు చెదిరిందా అన్నది తేలలేదు. 1922లో బ్రిటిష్ ప్రభుత్వ విచారణ సంఘం ఆ మాటనే వాడుకనుంచి తొలగించమంది. పేరు తీసేస్తే జబ్బు తగ్గుతుందని నమ్మడం పాలనాయంత్రాంగాలకు కొత్త కాదు.

1928లో అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన శవపరీక్షా నిపుణుడు హారిసన్ మార్ట్‌లాండ్ వృత్తి బాక్సర్లను గురించి రాసిన వ్యాసం దీనికి మరో పార్శ్వం. ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న బాక్సర్లు తాగినవాళ్ళలా తూలుతారని, మాట ముద్దగా వస్తుందని, క్రమంగా మతి చెడుతుందని ప్రేక్షకులకు అప్పటికే తెలుసు. వాళ్ళను వెక్కిరించే పేరు కూడా వాడుకలో ఉంది. మార్ట్‌లాండ్ ఆ వెక్కిరింతనే శీర్షికగా తీసుకుని అది జబ్బని వాదించాడు. జనం నోట ముందుగా పలికిన జ్ఞానం వైద్యపత్రికకు ఎక్కడానికి ఇంతకాలం పట్టింది. 1973లో కోర్సెలిస్ బృందం 15 మంది బాక్సర్ల మెదళ్ళను పరీక్షించి ఆ మార్పులను వివరించింది. 2005లో బెనెట్ ఒమాలూ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి మెదడులో అటువంటి మార్పులనే నివేదించారు. ప్రతి దెబ్బకూ అంతటి ఫలితం ఉంటుందని దీని అర్థం కాదు. పదేపదే తగిలే దెబ్బలను గురించిన పరిశోధన అది.

5. ఆక్స్‌ఫర్డులో మోటారుసైకిలు

1935 మే 13న టి.ఇ. లారెన్స్ ఇంగ్లండులోని డార్సెట్‌లో తన మోటారుసైకిలు మీద వెళుతూ, ఇద్దరు సైకిలు కుర్రవాళ్ళను తప్పించబోయి పడిపోయాడు. ఆరు రోజుల తరువాత స్పృహ రాకుండానే మరణించాడు. ఆయనను చూడడానికి పిలిపించిన వైద్యులలో ఆస్ట్రేలియాలో పుట్టిన నాడీశస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఒకరు. అరేబియా ఎడారులు దాటి బతికిన మనిషి ఇంటి దగ్గరి రోడ్డుమీద పోవడం పత్రికలకు విషాదగాథ. కెయిర్న్స్ మాత్రం లెక్కలు తీశారు.

1941 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన వ్యాసం వచ్చింది. యుద్ధానికి ముందటి 21 నెలల్లో 1,884 మంది మోటారుసైకిలు ప్రయాణికులు చనిపోగా, యుద్ధం మొదలయ్యాక 21 నెలల్లో 2,279 మంది చనిపోయారు. పెట్రోలుకు రేషను ఉన్న కాలంలో ఈ పెరుగుదల! దీపాలార్పిన చీకటి రోడ్ల మీద సైనిక వార్తాహరులు బండ్లు నడపడం ఒక కారణం. కెయిర్న్స్ దృష్టికి వచ్చిన కేసుల్లో హెల్మెట్ పెట్టుకున్నవారు ఏడుగురు మాత్రమే. ఆ ఏడుగురూ బతికారు. ఏడు అన్నది చిన్న సంఖ్య. ఈనాటి సమీక్షకులు ఆ వ్యాసాన్ని వెనక్కి పంపి ఉండేవారేమో. కానీ ఆ ఏటి నవంబరులోనే బ్రిటిష్ సైన్యం మోటారుసైకిలు నడిపే సిబ్బందికి హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. ఆజ్ఞకు లోబడే సైన్యంలో నెల పట్టిన మార్పు పౌరులకు చట్టంగా రావడానికి 1973 దాకా పట్టింది.

కెయిర్న్స్ చుట్టూ ఆక్స్‌ఫర్డులో చేరినవారి పని ఈ వ్యాసానికి మరింత ముఖ్యం. రిచీ రసెల్ 1930లనుంచి ఒక విచిత్రమైన విషయాన్ని అనుసరిస్తూ వచ్చారు. తలదెబ్బ తగిలిన మనిషి స్పృహలోకి వచ్చి సరిగ్గానే మాట్లాడతాడు, అడిగినదానికి జవాబు చెబుతాడు. వారం తరువాత అడిగితే ఆ సంభాషణ ఏదీ గుర్తుండదు. మాట తిరిగి వచ్చింది కానీ జ్ఞాపకం అల్లుకోవడం ఇంకా మొదలవలేదు. ఈ మరపు ఎంతసేపు ఉన్నదన్నదే గాయం తీవ్రతకు మంచి కొలమానమని రసెల్ చూపారు. పోటీ అంతా ఆడి, రెండో సగం ఏమీ గుర్తులేదనే కబడ్డీ ఆటగాడి కథ మన కళాశాల మైదానాల్లోనూ అపరిచితమైనది కాదు. మాట్లాడుతున్నవాడు మనతో ఉన్నట్టేనన్న నమ్మకానికి ఇది రెండో దెబ్బ.

1941లోనే డెనీ-బ్రౌన్, రసెల్ కలిసి చేసిన జంతు ప్రయోగాలు కదలని తలకన్నా స్వేచ్ఛగా కదిలే తలకు మెదడు అదురు సులభంగా కలుగుతుందని చూపాయి. 1943లో హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రవేత్త మెదడు ఆకారంలో పోసిన జెలటిన్ నమూనాలతో, తల గిర్రున తిరిగినప్పుడు లోపలి పదార్థం పొరలు పొరలుగా జారి మెలిపడుతుందని వివరించాడు. దీనినుంచి రెండు విషయాలు తేలతాయి. తలకు నేరుగా ఏదీ తగలకపోయినా, శరీరం ఒక్కసారిగా కుదిపివేయబడితే మెదడు అదరవచ్చు. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది, ప్రాణాన్ని చాలాసార్లు కాపాడుతుంది. తిరిగే తల లోపలి మెలికను మాత్రం పూర్తిగా ఆపలేదు. హెల్మెట్ ఉన్నది కనుక ఏమీ కాలేదనుకోవడమూ పొరపాటే.

6. గ్లాస్గో: ఒకే ప్రశ్న, మళ్ళీ మళ్ళీ

1970ల వరకు ఆస్పత్రి కాగితాలలో రోగి స్థితిని వర్ణించే మాటలు వైద్యుణ్ణిబట్టి మారేవి. ఒకరు మగత అన్నదాన్ని మరొకరు అర్ధస్మారకం అనేవారు. పొద్దున ఒకరు, రాత్రి మరొకరు చూస్తే రోగి మారాడో మాట మారిందో తెలిసేది కాదు. 1974లో గ్లాస్గోకు చెందిన గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెనెట్ లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించిన కొలమానం ఈ గందరగోళానికి సమాధానం. కళ్ళు ఎప్పుడు తెరుస్తున్నాడు, ఏమి మాట్లాడుతున్నాడు, చెప్పినట్టు చేయి కదుపుతున్నాడా – ఈ మూడే ప్రశ్నలు. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో కళ్ళకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15; అతి తక్కువ 3. మన ప్రభుత్వాసుపత్రుల కేసు షీట్లమీదా ఈ అంకెలే కనిపిస్తాయి.

ఈ కొలమానం గొప్పతనం దాని సరళతలో ఉంది. నర్సు వేయగలదు, కొత్తగా చేరిన హౌస్ సర్జన్ వేయగలడు, ఇద్దరు వేసినా దాదాపు ఒకే అంకె వస్తుంది. ముఖ్యంగా, దాన్ని ఒక్కసారి వేసి వదిలేయరు. అరగంటకో గంటకో మళ్ళీ వేసి గ్రాఫు గీస్తారు. 15 ఉన్నవాడు 13కు దిగాడంటే, ఆ 13 కన్నా దిగడమే అసలు వార్త. పెటి గుర్తించిన గడువుకు రెండు శతాబ్దాల తరువాత గడియారం దొరికింది. 1975లో అదే గ్లాస్గో బృందం, తలదెబ్బ తరువాత మాట్లాడి ఆపై మరణించిన రోగులను గురించి లాన్సెట్‌లోనే ఒక వ్యాసం ప్రచురించింది. మాట్లాడగలిగాడంటే మొదటి దెబ్బ ప్రాణాంతకం కాదు, ఆ తరువాత జరిగినదేదో ప్రాణం తీసింది, దాన్ని ఆపవలసిందన్నది దాని సారం. ‘మాట్లాడుతున్నాడు కదా’ అన్న ఊరటను నిలదీసే ప్రశ్నగా మార్చిన వ్యాసమది.

సిటీ స్కాన్ గురించి రెండు మాటలు చాలు. 1971 అక్టోబరు 1న లండను సమీపంలోని అట్కిన్సన్ మార్లీ ఆస్పత్రిలో హౌన్స్‌ఫీల్డ్ యంత్రం మొదటి రోగి మెదడును చిత్రించింది. లోపలి రక్తాన్ని కంటికి చూపి ఎన్నో ప్రాణాలను నిలిపింది. అదురును మాత్రం అది చూపదు. స్కాన్ బాగుందన్న కాగితం ఒక కొత్త పగలని పుర్రె అయింది: చిత్రంలో లేదు కనుక జబ్బే లేదన్న తీర్పుకు ఆధారం.

7. మైదానంలో తీర్పు

2014 నవంబరులో సిడ్నీలో ఫిల్ హ్యూస్ మెడకు బంతి తగిలి రెండు రోజుల తరువాత మరణించారు. అది మెదడు అదురు కాదు. మెడలోని ధమని చీలి కలిగిన రక్తస్రావం. అయినా తలకు తగిలే బంతుల విషయంలో క్రికెట్ వైఖరి మారడానికి ఆ మరణమే మలుపు. 2019 ఆగస్టునుంచి, మెదడు అదిరిన ఆటగాడి స్థానంలో మరొకరిని పూర్తిస్థాయిలో ఆడించే నిబంధన అంతర్జాతీయ క్రికెట్లో అమలులోకి వచ్చింది. ఆ నెలలోనే లార్డ్స్‌లో అది పరీక్షకు నిలిచింది. స్టీవ్ స్మిత్ 80 పరుగుల వద్ద జోఫ్రా ఆర్చర్ బంతి మెడకు తగిలి పడ్డారు. పరీక్షలు చేశారు, బాగానే ఉన్నాడన్నారు. తిరిగి వచ్చి 92 దాకా ఆడారు. మర్నాడు లక్షణాలు బయటపడ్డాయి. ఆయనకు బదులుగా మార్నస్ లబుషేన్ వచ్చారు. ప్రపంచస్థాయి వైద్యబృందం, సరైన పరీక్ష, నిజాయితీగల ఆటగాడు – అన్నీ ఉన్నా మొదటిరోజు సాక్ష్యం మర్నాటికి చెల్లలేదు. అందుకే అనుమానం ఉంటే ఆ రోజు మళ్ళీ ఆడించకూడదన్నది క్రమంగా స్థిరపడిన నియమం.

2020 డిసెంబరు 4న కాన్‌బెర్రాలో దీనికి విలోమం జరిగింది. చివరి ఓవర్లో స్టార్క్ బంతి రవీంద్ర జడేజా హెల్మెట్‌కు తగిలింది. అప్పటికే ఆయన తొడ కండరం పట్టేసింది. 44 పరుగులతో అజేయంగా ఇన్నింగ్స్ ముగించారు. ఆ తరువాత మెదడు అదురు కారణంగా ఆయన స్థానంలో యజువేంద్ర చాహల్ బౌలింగ్‌కు దిగి మూడు వికెట్లు తీశారు. ఇది ఎత్తుగడ కాదా అన్న గొణుగుడు వెంటనే మొదలైంది. ఆలస్యంగా వచ్చే లక్షణాలకోసం పెట్టిన నిబంధనను, లక్షణాలు ఆలస్యంగా వచ్చాయన్న కారణంతోనే అనుమానించారు. రైల్వే కేసుల నాటి తర్కమే క్రికెట్ వ్యాఖ్యాతల గదిలో వినబడింది.

8. ఎముకను లెక్కించే చట్టం

ఈ చరిత్రకు మన దేశంలో ఇంకా తెగని ముడి న్యాయరంగంలో ఉంది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 320వ సెక్షన్ ‘తీవ్ర గాయం’ అంటే ఏమిటో ఎనిమిది రకాలుగా నిర్వచించింది. ఏడవది: ఎముకగాని పన్నుగాని విరగడం, స్థానం తప్పడం. ఎనిమిదవది: ప్రాణాపాయం కలిగించేది, లేదా 20 రోజులపాటు తీవ్రమైన బాధను కలిగించేది, లేదా అన్ని రోజులూ రోజువారీ పనులు చేసుకోనివ్వనిది. 2023 నాటి భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో ఆ 20 రోజులు 15 అయ్యాయి. మిగతా చట్రం దాదాపు యథాతథం. ఒక పన్ను విరిగితే మారుమాట లేకుండా తీవ్ర గాయమే. మెదడు అదిరి, పదిరోజులపాటు చదివింది తలకెక్కక, వెలుగు చూడలేక, మాట వెతుక్కున్నవాడి గాయం ఆ జాబితాలో నేరుగా ఎక్కడా లేదు. పెద్దవారిలో ఈ లక్షణాలు మామూలుగా 10 నుంచి 14 రోజుల్లో తగ్గుతాయని వైద్యం చెబుతోంది. అంటే సవరించిన గడువుకు కూడా అవి ఒక రోజు ఇవతలే ఆగిపోవచ్చు. హిప్పోక్రటిక్ గ్రంథంలా మన శిక్షాస్మృతి కూడా ఎముకనే తడిమి చూస్తోంది.

రోడ్డు విషయంలో చట్టం కొంత ముందుకు నడిచింది. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ద్విచక్రవాహనం మీద హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ ప్రమాద స్థలానికీ ఆస్పత్రికీ మధ్య దూరాన్ని తగ్గించింది. గాయపడినవారికి సాయం చేసినవారిని వేధించకుండా 2016 మార్చిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019 సవరణ 134ఏ సెక్షన్‌తో ఆ రక్షణ చట్టంలో చేరింది. అదే సవరణ ‘గోల్డెన్ అవర్’ను ప్రమాదం తరువాతి ఒక గంటగా నిర్వచించింది. పడి లేవలేనివానికి ఈ ఏర్పాట్లన్నీ అక్కరకు వస్తాయి. పడి, లేచి, బట్టలు దులుపుకుని, ఎదుటి బండివాడితో రాజీపడి ఇంటికి పోయినవాడు ఆ గంట లెక్కలోకి రాడు. బాత్రూములో జారిపడిన పెద్దవయసువారి సంగతి మరీ కష్టం. రక్తం పలచబడే మందులు వాడేవారైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. వారిలో రక్తం వారాల తరబడి మెల్లగా చేరవచ్చు. మతిమరుపు, తడబడే నడక మొదలైతే ఇంట్లోవాళ్ళు ‘వయసు మీదపడింది’ అనుకుంటారు. నెలక్రితం పడ్డ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే వూండ్ సర్టిఫికెట్‌ను ఈ దృష్టితో చదవాలి. ఎక్స్-రే, స్కాన్ నివేదికల కోసం వైద్యుడు అభిప్రాయాన్ని వాయిదా వేయవచ్చు. అవి వచ్చాక, ఎముక చెక్కుచెదరకపోతే, ‘సాధారణ గాయం’ అని రాయడం పరిపాటి. లార్డ్స్‌లో స్మిత్‌కు దక్కిన రెండోరోజు పరీక్ష, రోడ్డుమీద పడ్డ కూలీకి దక్కాలంటే పని మానుకుని ఆయనే మళ్ళీ ఆస్పత్రికి రావాలి. వచ్చినా ఆయన చెప్పేది తలనొప్పి, మరపు, చిరాకు. వాటికి చూపించదగిన గుర్తు లేదు. పరిహారం కోసం చెబుతున్నాడేమోనన్న అనుమానం పేజ్ కాలంనుంచి సిద్ధంగా ఉంది.

పరిశోధకులకు ఇక్కడ ఒక పని మిగిలి ఉంది. దానికి కావలసిన సామగ్రి మన గ్రంథాలయాల్లోనే ఉంది. తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో దశాబ్దాలుగా రెండు పదబంధాలు అచ్చవుతూ వస్తున్నాయి: ‘స్వల్ప గాయాలతో బయటపడ్డారు’ అన్నది ఒకటి, ‘చికిత్స పొందుతూ మృతి’ అన్నది రెండోది. ఈ రెండు వార్తలూ చాలాసార్లు వేరువేరు రోజుల పేజీల్లో, వేరువేరు శీర్షికల కింద ఉంటాయి కనుక వాటిని కలిపి చదివినవారు తక్కువ. ఒక జిల్లా, ఒక దశాబ్దం తీసుకుని, ఒకే మనిషి పేరు రెండు వార్తల్లోనూ ఎన్నిసార్లు వచ్చిందో, మధ్య ఎన్ని గంటలు గడిచాయో, ఆ గంటల్లో ఆయన పక్కన ఎవరున్నారో వెతకడం పరిశోధక విద్యార్థి కూడా మొదలుపెట్టగల పని.